ఉందో లేదో చెప్పం

ఆన్‌లైన్‌లో నలుగురూ కలిసి మాట్లాడుకునే గ్రూపులు తయారుచేయడం నా ఉద్యోగం. ఎవరు ఉన్నారు, ఎప్పుడు వచ్చారు, ఎక్కడ తిరుగుతున్నారు అన్నది అందరికీ కనబడేలా పెడదామని మీటింగులో ఎవరైనా అంటే నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాదు. లేచి కిటికీ దాకా పోయి వస్తాను. ఈ జబ్బు నాకు ఆదోనిలో, మా ఇంటి పడసాలలో, ఎనభైల మొదట్లో పట్టుకుంది.

మా నాయన పత్తి దళారీ. ధరలు కనుక్కోవడానికి ఫోను పెట్టించాడు. వీధి మొత్తానికి అదొక్కటే ఫోను. రిసీవరు ఎత్తితే ఎక్స్‌ఛేంజి వాళ్లు పలికేవారు, అడిగిన చోటికి కలిపేవారు. వీధిలో వాళ్లందరూ చుట్టాలకు మా నంబరే ఇచ్చి పక్కన పి.పి. అని రాసేవాళ్లు. అంటే ఫోను మాది, మాట వాళ్లది. ఫోను వస్తే మా అవ్వ గడపలో నిలబడి వీధి చివరికి వినబడేట్టు కేక వేసేది. "మ్మే, నీ మొగుడు గుంతకల్లు నుంచి మాట్లాడతాండాడు, బిన్నా రా!" వాళ్లు వచ్చి మాట్లాడుతుంటే మేమంతా చుట్టూ కూర్చుని వినేవాళ్లం. వినకూడదని ఎవరికీ తోచనే లేదు. మనిషి ఇంట్లో లేకపోతే ఎక్కడికి పోయిందీ, ఎవరితో పోయిందీ, ఎప్పుడొచ్చేదీ అవ్వే చెప్పేది. ఫోను చేసినవాడికి ఆ మాత్రం చెప్పకపోతే మర్యాద కాదని మా వాళ్ల లెక్క. అసలే మా అవ్వ నోట్లో నువ్వు గింజ నానదు.

మా పక్క వాటాలో ఒక టీచరమ్మ అద్దెకుండేది. ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేది. తక్కువ మాట్లాడేది. ఎమ్మిగనూరులో ఉన్న చెల్లెలికి తప్ప ఎవరికీ మా నంబరు ఇవ్వలేదు. అంతకు మించి ఆమె సంగతి మాకు తెలియదు. నాకు మాత్రం ఆమె అంటే పిచ్చి. పదో తరగతి లెక్కలు చెప్పించుకునే సాకుతో ఆ వాటాలోనే పడి ఉండేదాన్ని.

ఒక గురువారం బడికి సెలవొస్తే ఆమె మంత్రాలయం పోయింది. మధ్యాహ్నం ట్రంకు కాల్ వచ్చింది. ఎవరో మగమనిషి, ఆమె అన్నను అన్నాడు. అవ్వ మురిసిపోయింది.

"మీ సెల్లెలా అప్పా! బంగారట్లా పిల్ల. ఈ పొద్దు గురువారం గదా, మఠానికి పోయిండాది. సాయంత్రం బస్సుకు వస్తాది. బస్టాండులో నిలబడుకో, ఆడ్నే సిక్కుతాది."

ట్రంకు కాల్‌కు ఇచ్చే మూడు నిమిషాలు అయిపోయి లైను తెగింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఇంటి గుర్తులు కూడా చెప్పి, భోజనానికి రమ్మని పిలిచేదే.

సాయంత్రం బస్సు వచ్చే వేళ దాటిపోయాక టీచరమ్మ పెరటి వైపు నుంచి వచ్చింది. చెప్పులు చేతిలో ఉన్నాయి. మొహంలో నెత్తురు చుక్క లేదు. బస్టాండులో నిలబడిన మనిషిని కిటికీలోంచి చూసి, సీటు కిందికి జారి కూర్చుని, బస్సు డిపోలోకి పోయేదాకా దిగలేదట. ఆడనుంచి సందులు పట్టుకుని వచ్చిందట.

"నేను ఈ బస్సుకు వస్తానని ఆయనకు ఎవురు చెప్పినారు?"

"ఎవురికమ్మా? మీ అన్నకా? నేనే సెప్పినాను."

"నాకు అన్నలు లేరవ్వా."

అప్పుడు చెప్పింది. అతను భర్త. బళ్లారిలో అతను కొట్టే దెబ్బలకు తట్టుకోలేక వచ్చేసింది. చెల్లెలి అత్తగారింట్లో పెద్దవాళ్లు, ఆలుమగలను కలిపితే పుణ్యమని, మా నంబరు అతనికి ఇచ్చారు. అందరూ మంచివాళ్లే, అందరూ మేలు చేసినవాళ్లే. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆమె ఆ సాయంత్రమే ట్రంకుపెట్టె సర్దింది. ఊరు విడిస్తే ఉద్యోగం పోతుంది, ఉంటే అతను వస్తాడు. అవ్వ ఏడ్చి కాళ్లా వేళ్లా పడితే, పరీక్షలయ్యేదాకా ఉంటానంది. పెట్టె మాత్రం తలుపు పక్కనే ఉంచింది.

"ఈయమ్మ గురించి ఎవురడిగినా తెలీదంటే సాలు గదా" అన్నాడు నాయన.

టీచరమ్మ తల అడ్డంగా ఊపింది. "వీధిలో అందరి గురించీ చెప్పి నా ఒక్కదాని గురించి చెప్పకపోతే, నేను ఈడ ఉండానని చెప్పినట్లే గదన్నా."

ఇన్నేళ్ల ఉద్యోగంలో అంతకన్నా మంచి మాట నేను వినలేదు. కట్టుబాటు నేనే పెట్టాను. ఎవరికి ఫోను వచ్చినా సరే, అవతలి వాళ్ల పేరూ నంబరూ అడగాలి, మనిషి ఉందో లేదో చెప్పకూడదు. కేకలు బంద్. ఇంటికి పోయి మెల్లగా అడగాలి, ఇష్టమైతే వస్తారు. పత్తి మచ్చులు పెట్టుకునే చిన్న గదికి తలుపుంది కాబట్టి ఫోను అందులోకి మార్పించాను. మాట్లాడేవాళ్లు లోపల, మేము బయట.

వీధి భగ్గుమంది. ఫోనుకు గోషా పెట్టినారని వెక్కిరించారు. ఎదురింటి అల్లుడు, తన భార్య ఉందో లేదో తనకే చెప్పరా అని అలిగి ఉగాదికి రానన్నాడు. నాయన తల కొట్టేసినట్టుందని గొణిగాడు. పాపం అవ్వ, "సెప్పము నాయనా, ఎవురి గురించైనా అంతే" అని పొయ్యి ముందు కూర్చుని పాఠం వల్లించేది. నేను కాలుగాలిన పిల్లిలా ఆ గదికీ వీధికీ తిరిగేదాన్ని. ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. పుస్తకం తెరిస్తే ఒక్క అక్షరం ఎక్కేది కాదు.

ఒక పొద్దున అవ్వ పొయ్యి మీద పోపు వేసి, ఫోను మోగితే పోయి ఎత్తింది. టీచరమ్మ బడికి పోబోతూ మా గడపలో ఉంది. అవ్వ మొహం చూడగానే ఎవరో తెలిసిపోయింది.

"పేరు సెప్పప్పా. ఉందో లేదో మేము సెప్పము. ఈ వీధిలో ఎవురి గురించైనా అంతే."

అవతల అరుపులు మాకు వినబడుతున్నాయి. అయినా అవ్వ మాట తప్పలేదు. పెట్టెయ్, పెట్టెయ్ అని నేను సైగ చేస్తున్నాను.

టీచరమ్మ చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. అవ్వ చేతిలోంచి రిసీవరు తీసుకుంది. "మీరు బయటికి పోండి" అని తలుపు వేసుకుంది.

నేను నిర్ఘాంతపోయాను. ఆమెను దాచడానికే కదా ఇదంతా! తలుపుకు చెవి ఆనించబోయాను. అవ్వ నా జడ పట్టి వెనక్కి గుంజింది.

"నువ్వు పెట్టిన కట్టుబాటే గదే!"

కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మామూలుగా ఉంది. "అవ్వా, పోపు మాడుతాండాది" అని, చెప్పులు తొడుక్కుని బడికి పోయింది. సాయంత్రం వచ్చి ట్రంకుపెట్టెలోంచి చీరలు తీసి దండెం మీద వేసింది. పరీక్షలు అయిపోయాయి, మళ్లీ బడులు తెరిచారు, ఆమె ఎక్కడికీ పోలేదు. ఆ ఫోను మళ్లీ రాలేదు.

తలుపు వెనక ఆమె బెదిరించిందో, బతిమాలిందో, ఏమందో నాకు తెలియదు. ఒక్కసారైనా అడగలేదు. తెలుసుకోవాలని మాత్రం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.