గట్టిగా చెప్పు

రాజంపేటలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆమెకు నలభై ఏళ్లుంటాయి. కిటికీ ఊచ పట్టుకున్న ఆమె ముంజేతి మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో పెద్ద మచ్చ ఉంది. నేను చూడటం గమనించి కూడా ఆమె కొంగు కప్పుకోలేదు.

"కువైట్‌లో కాలిందమ్మా. నేను పనిచేసే ఇంట్లో మేడం కాల్చింది, చొక్కా మీద మడత ఉండాదని. నూనె పడిందని చెప్పమంటారు మావోళ్లు. నేనెందుకు అబద్ధం చెప్పల్ల?"

ఆ రోజే ఆమె ఆ ఇంట్లోంచి బయటపడి, చెప్పుల్లేకుండా పోలీసు స్టేషనుకు నడిచిందట. కేసు వదిలేస్తే టికెట్ కొనిచ్చి ఊరికి పంపుతామని ఆ ఇంటివాళ్లు కబురు పెట్టారు. తోటి ఆడవాళ్లు కూడా ఒప్పుకోమన్నారు. ఆమె మాత్రం తీర్పు వచ్చేదాకా కువైట్ నుంచి కదల్లేదు.

"ఆ మేడంకు శిక్ష పడిందా?" అని అడిగాను.

"పడింది. అంతకుముందు, శిక్ష తగ్గుతాదని వాళ్ల వకీలు కోర్టులో నాకు క్షమాపణ చెప్పించినాడు. ఆయమ్మ తల వంచుకోని గొణిగింది. నాకు అరబ్బీ సరిగా రాదనుకున్యాదేమో! 'ఇనపడల్యా, గట్టిగా చెప్పు' అన్నా, అరబ్బీలోనే. అందరూ ఇనేట్టు చెప్పింది."

ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఆమె గొంతు తగ్గించలేదు. తాను కోర్టులో అన్న ఆ అరబ్బీ మాటను వాళ్లకూ వినబడేలా మళ్లీ పలికింది.

ఒంటిమిట్టలో దిగిపోయింది. ఆ మాట నాకిప్పటికీ నోటికి వచ్చు.