రెఫరీ చూడని దెబ్బ

పాకాల స్టేషన్‌లో వేలూరు పక్కనున్న కాట్పాడికి పోయే బండి కోసం కూర్చున్నప్పుడు, పక్కన రగ్బీ ఆడే అమ్మాయి ఒకామె మాట కలిపింది. మ్యాచ్‌లో తాను ఢీకొన్న అవతలి జట్టు పిల్ల మెడకు దెబ్బ తగిలి, వేలూరు ఆసుపత్రిలో కదలకుండా పడుకుని ఉందట.

"ఆటలో దెబ్బలు మామూలే కదమ్మా," అన్నాను.

ఆమె తన సంచిని రెండు చేతులా చుట్టి పట్టుకుని చూపించింది. "పడగొట్టాలంటే ఇట్ల పట్టుకోవాల సార్. ఉత్త భుజంతో గుద్దితే తప్పు, ఆటలోనుంచి పంపించేస్తారు. నేను గుద్దినాను. రెఫరీ సూడలేదు."

"ఎవురికైనా చెప్పినావా?"

"కోచ్‌కు చెప్పినా. గెలిచినాం కదా, ఊరుకోమన్నాడు. ఇప్పుడు ఆ పిల్ల నాయనకు చెప్పేదానికి పోతా ఉండాను."

బండి వచ్చింది. ఆమె లేవలేదు. పిలిచాను.

"తర్వాత బండికి వస్తాలే సార్," అంది తల ఎత్తకుండా.

నేను ఎక్కేశాను. ఆమె వెళ్ళిందో లేదో తెలియదు. ఆ రోజు నాకు అంత తొందర పనేమీ లేదు. తోడుగా నేనూ ఆగగలిగేవాణ్ణే.