పరీక్ష లారీని కడిగిన రోజు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా వర్క్‌షాప్ మిలిటరీ లారీలు బాగుచేసేది. కరోనా సద్దుమణిగాక ఒక హుకుం వచ్చింది. సూపర్వైజర్లు అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్ పాస్ కావాలి, కానివాళ్లు మళ్లీ మెకానిక్ గ్రేడ్‌కి దిగాలి. అప్పటికి మేం నలుగురం సూపర్వైజర్లం.

పాఠం చెప్పడానికి యూరప్ నుంచి ఒక రిటైర్డ్ సైనికుణ్ణి దించారు. చొక్కా ఇస్త్రీ నలగని మనిషి. మమ్మల్ని ఏసీ హాల్లో కూర్చోబెట్టి, నూనె కారడమంటే నూనె బయటికి రావడమని తెర మీద బాణం గుర్తులు పెట్టి మరీ చూపించాడు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. నేను ఆవలింతలు ఆపుకోలేక చస్తుంటే, నా పక్కన కూర్చున్న, నేను అన్నా అని పిలిచే తోటి సూపర్వైజర్ మాత్రం ప్రతి మాటకీ భక్తిగా తల ఊపేవాడు.

అన్న ఊరు రాజోలు వైపు. నాకంటే పెద్ద, మంచి పనివాడు, భయస్తుడు. భార్యనీ కూతుర్నీ తెచ్చుకుని అజ్మాన్‌లో ఉండేవాడు. సూపర్వైజర్ జీతం ఉంటేనే వాళ్ల వీసా నిలుస్తుంది. గ్రేడ్ దిగితే కాపురం ఎత్తేయాల్సిందే.

"గీ చదువుకు గింత బుగులేందన్నా?" అన్నాను ఓసారి.

"నీకేం తమ్ముడూ, ఒంటి మనిషివి. మా పిల్ల పదో తరగతి ఇక్కడ అయిపోతే చాలు నాకు."

మా దగ్గర ఒక ఆచారం ఉండేది. పెద్దమనిషి ఎవడైనా వస్తున్నాడంటే బండిని ప్రెషర్ నీళ్లతో కడిగి, అడుగంతా డీజిల్ గుడ్డతో తుడిచి, టైర్లకు నల్ల పాలిష్ కొట్టాలి. ఇంజన్ స్టార్ట్ కాకపోయినా ఫరవాలేదు, టైరు మెరవాలి. పైన పటారం, లోన లొటారం. ఈ విద్యలో మమ్మల్ని మించినవాళ్లు గల్ఫ్ మొత్తంలో లేరు.

పరీక్ష చూడటానికి మిలిటరీ ఆఫీసర్ వస్తున్నాడని ఆ పొద్దున తెలిసింది. మా ముదీర్, అంటే మేనేజర్, హైదరాబాద్ వాడు. అందరితో ఇంగ్లీషు, పని పడ్డప్పుడు మాత్రం మాతో తెలుగు. షెడ్డులో నిలబెట్టిన లారీని చూసి అన్న మీద అరిచాడు.

"ఆఫీసర్ సాబ్ వస్తుంటే గాడీ గింత గలీజుగ పెడ్తరా? యల్లా, కడిగించు!"

అన్న పరుగెత్తి కడిగించాడు.

అది పరీక్ష లారీ. ట్రైనర్ దాని వెనక చక్రానికి చెడిపోయిన సీల్ వేయించి, కాస్త నడిపించి, కారిన నూనె చక్రం లోపలివైపు చారలు కట్టేలా చేసి పెట్టుకున్నాడు. ఆ నూనె బ్రేకు మీదికి చేరితే బ్రేకు పట్టదు. ఆ చారలు చూసి, బండి రోడ్డెక్కకూడదని మేము చెప్పాలి. నలుగురం వంతులవారీగా కిందికి దూరాం. అన్నం పెట్టుకుని తినొచ్చు, అంత శుభ్రంగా ఉంది. అందరం ఓకే అన్నాం.

ట్రైనర్ విజయగర్వంతో ఆఫీసర్ని చక్రం దగ్గరికి తీసుకెళ్లి టార్చ్ వేశాడు. తళతళలాడింది. ఆఫీసర్ నవ్వాడు. ట్రైనర్ ముఖం కందగడ్డ అయింది. ఎవరు కడిగారని అరిచాడు.

ముదీర్ టై సర్దుకున్నాడు. అన్న చెయ్యెత్తి, "మైనే కరాయా సాబ్," అని తప్పు తన మీదే వేసుకున్నాడు.

నేను ఆగలేకపోయాను. "ముదీర్ సాబ్ నే బోలా థా," ముదీరే కడగమన్నాడని గట్టిగా అన్నాను. అన్న నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. ముదీర్ నావైపు కూడా చూడకుండా, తానలా అననే లేదని చక్కటి ఇంగ్లీషులో చెప్పాడు. టై కట్టుకున్నవాడి మాటకే విలువ.

కళ్ల ముందున్న చారలు చూడకుండా కడిగించినవాడు సూపర్వైజర్ ఎలా అవుతాడని ట్రైనర్ అడిగాడు. ఆ ప్రశ్న తప్పు కాదు. నాకు ఇప్పటికీ మంట అదే. మా ముగ్గురికీ ఇంకో లారీ చూపించి పాస్ చేశారు. బంగారు అంచు సర్టిఫికెట్లు ఇచ్చారు. నాది ఎక్కడ పడేశానో కూడా గుర్తులేదు.

అన్న మెకానిక్ అయ్యాడు. నెల తిరక్కుండానే అజ్మాన్ ఇల్లు ఖాళీ చేసి, తల్లీకూతుళ్లను షార్జా ఎయిర్‌పోర్టుకు తెచ్చాడు. నా కారులోనే వచ్చారు. దారిలో నేను ముదీర్‌ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను.

"అలా అనకు తమ్ముడూ, మంచోడే. టిక్కెట్లు ఆయనే ఇప్పించాడు. వీళ్లచేత ఫోన్‌లో థాంక్స్ కూడా చెప్పించానులే," అన్నాడు అన్న.

ముదీర్ మీద అసహ్యం నాకు పాతదే. ఆ క్షణాన అన్న మీద కూడా పుట్టింది.

సామాన్లు దింపి ట్రాలీలో పెడుతుంటే పిల్ల నా పక్కకు వచ్చి, తండ్రికి వినపడకుండా, "అమ్మ థాంక్స్ చెప్పింది. నేను మాత్రం చెప్పలేదు బాబాయ్. ఫోన్ కట్ చేసేశాను," అంది.

ఆ ఇంట్లో ఒక్కరికైనా కోపం వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది, ఏడుపూ వచ్చింది.