వరుస చివర నుంచి

పోయిన నెల ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారి పెద్దకర్మకు నిడదవోలు వెళ్ళాను. ఆయన కూతురు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "మా నాన్నగారు మీకెలా తెలుసండీ?" అని అడిగింది. ఎన్నికల డ్యూటీలో ఒక్కరోజు కలిసి పనిచేశామని చెప్పాను. ఆ రోజు ఏం జరిగిందో చెప్పలేకపోయాను.

తొంభైల నాటి సంగతి. అప్పుడే టీచరుగా చేరాను. అసెంబ్లీ ఎన్నికలకు కోనసీమలో ఒక ఊరి బడికి డ్యూటీ వేశారు. ఆయన వేరే మండలంలో హెడ్‌మాస్టరు, మా ప్రిసైడింగ్ ఆఫీసరు. ఓటర్ల వేలికి సిరా గుర్తు పెట్టడం నా పని.

గుమ్మం దగ్గర పొద్దుటి నుంచీ ఒక పార్టీ ఏజెంటు నిలబడి ఉన్నాడు. మెత్తటి మాట. మధ్యాహ్నం మాకు కొబ్బరిబొండాలు పంపించాడు. హెడ్‌మాస్టరు గారు వాటిని వెనక్కి పంపేశారు. కాసేపటికి ఏజెంటు నా బల్ల దగ్గరికి వచ్చి వంగాడు.

"తమరు రావులపాలెంలో బస్సు మారతారటగా మేడమ్ గారూ. ఒక్కరే వెళ్తారా అండి?"

ఆ సంగతి అతనికి ఎవరు చెప్పారో తెలియదు. ఆ తర్వాత గంటసేపు నేను ఎవరి ముఖమూ చూడలేదు. నా ముందుకు వచ్చిన వేళ్ళనే చూశాను.

పోలింగు ఐదింటికి ముగియాలి. ఇంకా ఐదు నిమిషాలుందనగా ఊరి చివర పేట నుంచి ఆడవాళ్ళు వచ్చారు. పేట ఓట్లు తమ పార్టీకి పడవని ఏజెంటుకు తెలుసు. చేలో కలుపు తీసి, కాళ్ళు కూడా కడుక్కోకుండా వచ్చారు. అప్పటికి మగవాళ్ళ వరుస అయిపోయింది. ఆయన సంతకం పెట్టిన చీటీలు నా చేతికిచ్చారు.

"ఐదు కాగానే బయటికి వెళ్ళండి. అందరికంటే చివర నిలబడ్డ మనిషికి ఒకటో నంబరు చీటీ ఇవ్వండి. అక్కణ్ణుంచి ముందుకు రండి. అప్పుడు వెనక ఇంకెవరూ చేరడానికి ఉండదు. చీటీ ఉన్నవాళ్ళందరూ ఎంతసేపైనా ఓటేయొచ్చు."

ఐదు కాగానే బయటికి వెళ్ళాను. తొమ్మిది మంది ఉన్నారు. చివరన పసుపు రవిక మనిషి, మోకాళ్ళ దాకా బురద. ఆమె వెనకే గేటు. గేటు దగ్గర మోటారు సైకిళ్ళ మీద నలుగురు కూర్చుని నన్నే చూస్తున్నారు. నేను అటు వెళ్ళలేదు. గుమ్మం దగ్గర నుంచే పంచడం మొదలుపెట్టాను. నాలుగు చీటీలు ఇచ్చేసరికి మరో ఇద్దరు గేటులోంచి పరుగెత్తుకొచ్చి వెనక నిలబడ్డారు.

ఏజెంటు బయటికి వచ్చాడు. "ఆగండి మేడమ్ గారూ. చీటీ అందింది నలుగురికి. మిగతావాళ్ళంతా ఐదు దాటాక వచ్చినవాళ్ళే. ఏరా, అంతేనా?"

"అంతేనండి. నేను వాచీ చూసుకుంటానే ఉన్నాను," అన్నాడు మోటారు సైకిలు మీద ఒకడు.

"ఆ వాచీ ఏదో మా కామందుకు ఇవ్వకపోయావా బాబూ," అంది వరుసలో ఒక ముసలావిడ. "పొద్దు వాలేదాకా మమ్మల్ని చేను గట్టెక్కనివ్వలేదు."

ఆయన బయటికి వచ్చి అంతా విన్నారు. నా వైపు తిరిగారు.

"మీరు బయటికి వచ్చినప్పుడు చివర ఎవరున్నారండి?"

పసుపు రవిక మనిషి నన్నే చూస్తోంది. నేను వేలు చూపిస్తే చాలు, ఐదుగురికి ఓటు దక్కుతుంది. ఏజెంటు నా భుజానికి జానెడు దూరంలో ఉన్నాడు. అతని ఊపిరి వినబడుతోంది.

"గుర్తు లేదండి," అన్నాను.

ఆయన మళ్ళీ అడగలేదు. ఆడవాళ్ళ వైపు నడిచారు.

"అమ్మా, నేను లోపల ఉన్నాను, చూడలేదు. ఐదు దాటాక వచ్చిందెవరో మీరే చెప్పాలి."

"వాళ్ళనడుగుతారేంటండి మాస్టారూ?" ఏజెంటు నవ్వాడు. "ఎవరు చెప్తారు?"

చివరి ఇద్దరూ వరుసలోంచి పక్కకు జరిగారు.

"మేమిద్దరమేనండి," అంది వాళ్ళలో పెద్దామె. "మేం వచ్చేసరికి మేడమ్ గారు చీటీలు ఇస్తన్నారు. ఈళ్ళందరూ అప్పటికే ఉన్నారు."

ఏజెంటు దారి వదిలాడు. మిగిలిన ఐదు చీటీలూ ఆయనే ఇచ్చారు. తొమ్మిది మందీ ఓటేశారు. వాళ్ళ వేళ్ళకు గుర్తు పెడుతుంటే సిరా నా చీర మీద కూడా పడింది.

చీటీలు పంచడంలో పొరపాటు జరిగిందని, బాధ్యత తనదేనని ఆయన ఎన్నికల డైరీలో రాశారు. తర్వాత పెట్టెకు సీలు వేయడానికి లక్క కరిగించడం మొదలుపెట్టారు.

"భయపడ్డారని నేనేమీ అనుకోనండి. నాకూ భయంగానే ఉంది," అన్నారు తలెత్తకుండా. "కానీ మన భయానికి వాళ్ళ ఓటు పోకూడదు."

పెట్టెతో వ్యాను దగ్గరికి వెళ్తుంటే ఓటు దక్కని ఆ ఇద్దరూ గేటు పక్కన నిలబడి ఉన్నారు. మిగతావాళ్ళూ పక్కనే ఉన్నారు; మోటారు సైకిళ్ళు వెళ్ళాక అందరూ కలిసి ఇంటికి వెళ్దామని ఆగారు. మోటారు సైకిళ్ళు ఇంకా కదల్లేదు. తల వంచుకుని దాటిపోబోయాను.

"మళ్ళీ ఎప్పుడండి ఓట్లు?" అని అడిగింది పెద్దామె.

"ఐదేళ్ళకి," అన్నాను.

"అప్పుడు పొద్దున్నే వచ్చేస్తామండి," అంది.