చింతపండుకు అరిగిన గరుత్మంతుడు

మా ఇంటి దేవుడి గూట్లో రాగి బిళ్ళ ఒకటి ఉండేది. ఒక పక్క రెక్కలు చాచినట్టు ఏదో కనబడీ కనబడకుండా ఉంటుంది. అది గరుత్మంతుడని మా అమ్మ. రెండో పక్క తలకాయ లాంటి మచ్చ, అది స్వామివారట. స్వామికి గడ్డమేమిటని చిన్నప్పుడు అడిగి చెంపదెబ్బ తిన్నాను.

పోయిన శ్రావణంలో మా ఆవిడ చందానగర్ నుంచి కొత్త మందిరం కొనుక్కొచ్చింది. అన్నీ అందులో సర్దుతూ, ఇది దేవుడేనా అని బిళ్ళ దగ్గర ఆగింది. అది అమ్మకు పెళ్ళినాడు వాళ్ళ నాన్న ఇచ్చింది. ఆయన బాలానగర్‌లో లేత్ మీద పనిచేసేవాడు.

"మీ నాయిన కార్ఖానల మిగిలిన బిళ్ళ తెచ్చి గరుడుడని చెప్పిండేమో అత్తమ్మా."

అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. బిళ్ళ పోతుందని కాదు, నాన్న అబద్ధమాడాడేమోనని.

నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. అక్కడ నేర్చుకున్న ఒకే ఒక్క విద్య, రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దడం. ఇన్నేళ్ళకు అది పనికొచ్చింది. కాగితం మీద పక్షి లేచింది, కింద ఏవో ఇంగ్లీషు అక్షరాలు. మాదాపూర్‌లో నా చాయ్ బండికి వచ్చేవాళ్ళంతా చదువుకున్నవాళ్ళే కదా అని దాన్ని బండికి అతికించాను. ఒకాయన ఫోనుతో ఫోటో తీసి, కోటు గుండీ అని తేల్చాడు. చివరికి ఆఫీసు పని మీద ఫ్రాన్సులో ఏడాది ఉండొచ్చిన గుంటూరు అమ్మాయి బిళ్ళ తెమ్మంది. మర్నాడు తెస్తే, ఫోను టార్చి వాలుగా పట్టి చూసింది.

"ఇది ఫ్రాన్సు నాణెం బాబాయ్. పది సాంటీములు, అంటే వాళ్ళ పైసలు. ఇటు పాత రాజు, అటు గద్ద. ఇంతలా అరిగిందంటే ఎన్ని చేతులు మారిందో."

చేతులు కాదు, చింతపండు. యాభై ఏళ్ళుగా ప్రతి శుక్రవారం మా అమ్మ దాన్ని రాగి చెంబుతో పాటు చింతపండు పెట్టి తోముతోంది. రాజుగారి ముక్కు మా ఇంటి మోరీలో కొట్టుకుపోయింది. మిగిలిన ముఖానికి వారం వారం బొట్టు.

ఇంట్లో అంతా చెప్పాను, ముక్కు సంగతి తప్ప. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. అమ్మ నవ్వలేదు.

"అయితే కార్ఖాన బిళ్ళ కాదు కద?"

"కాదమ్మా."

"కార్ఖానల కరిగించనీకి తెచ్చిన పాత రాగిల దొరికిందన్నడు మా నాయిన. చదువు రానోడు, రెక్కలు జూసి గరుడుడనుకున్నడు. అబద్ధం మాత్రం ఆడలే."

ఆ పూట రెండుసార్లు కలుపుకుని తిన్నది.

శుక్రవారం మా ఆవిడే బిళ్ళను మందిరంలో పెడతానంది, గద్ద పైకి ఉండేట్టు. అంతకుముందే అమ్మ చింతపండు నానబెట్టి కూర్చుంది. గిన్నె లాక్కున్నాను.

"జర నీళ్ళతో కడుగు చాలు. ఫ్రాన్సోళ్ళకు పులుపు పడదంట."