బాగున్న మోటారు

అనకాపల్లిలో లారీ ఇంజన్లు, చెరకు ఆడే మిషన్లు బాగుచేసేవాళ్ళు వీధికి నలుగురున్నారు. పడవ మోటారు పాడైతే మాత్రం రాంబిల్లి వైపు వేటకు వెళ్ళేవాళ్ళు నా షెడ్డుకే వచ్చేవారు. వేసవిలో వేట నిషేధం మొదలవగానే ఆటోల్లో మోటార్లు దిగేవి.

మోటారులో నీళ్ళలో మునిగి ఉండే భాగాన్ని మేం కాలు అంటాం. పని లేనప్పుడు దాన్ని పైకెత్తి ఉంచమంటే ఒక్కడూ వినడు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ కట్టేసి, కాలు నీళ్ళలోనే వదిలేస్తారు. దాని నిండా గుల్లలు అతుక్కుని, చల్లబడ్డానికి నీళ్ళు లాగే రంధ్రాలు మూసుకుపోయి, ఇంజను వేడెక్కి పట్టేస్తుంది. ఆ కాలికే ఒక జింకు ముక్క బిగించి ఉంటుంది. ఉప్పునీరు ముందు దాన్ని తింటుంది, కాలి జోలికి పోదు. మనవాళ్ళేం చేస్తారు? నిషేధం అయ్యాక గంగమ్మకు పూజ చేసి పడవ దింపుతారు కదా, అందుకని పడవంతా రంగులేసి, మిగిలింది పారబొయ్యడం ఎందుకని జింకుకు కూడా పూసేస్తారు. ఇంకేముంది, రంగు కింద జింకు అందక ఉప్పు కాలినే తినేస్తుంది.

అది చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. "పెళ్ళికూతుర్ని ముస్తాబు సేత్తన్నావేట్రా?" అని మొదలుపెడితే వీధి చివరిదాకా వినిపించేది. మా ఆవిడ లోపల్నుంచి చాయ్ తెచ్చి వాళ్ళ చేతుల్లో పెట్టి, "ఆయన తిట్టేడంటే మీ మోటారు బాగుపడిపోద్ది. తాగండి" అనేది.

ఆవిడ పోయింది. ఆ తర్వాత మోటార్లు రావడమూ తగ్గింది. తప్పు ఎవరిది? నేనే నేర్పాను. వేట నుంచి రాగానే మంచినీళ్ళ డ్రమ్ములో మోటారు తిప్పండి, గేరాయిల్‌లో నీళ్ళు చేరి పాలు పోసిన టీలా కనబడితే సీలు మార్చండి, గుల్లలు చిన్నగా ఉండగానే గీకెయ్యండి అని గొంతు చించుకున్నాను. ఇన్నాళ్ళకు విన్నారు. వినకపోతే బాగుండేదని సిగ్గులేకుండా చాలాసార్లు అనుకున్నాను. పొద్దుట్నుంచి పడుకునేదాకా నోరు విప్పే పని లేని రోజులుండేవి. రేడియో ఎంత వాగినా, నేనొకటంటే తనొకటి అనదు కదా.

మొన్నటి నిషేధంలో ఓ ఆటో ఆగింది. దిగినవాడు రాంబిల్లి మనిషి, అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నవాడు. ఇద్దరం కలిసి మోటారు దింపి స్టాండుకు బిగించాం. నేను లోపం కోసం ఆత్రంగా వెతికాను. కాలు నున్నగా ఉంది. ఆయిల్ శుభ్రంగా ఉంది. వెనక తిరిగే ఫ్యాను విప్పితే చిన్న వల పోగైనా చుట్టుకుని లేదు. జింకు కొత్తది, రంగు పడలేదు.

"దీనికేటి రోగం? ఆటో డబ్బులు ఎక్కువైపోనాయేటి నీకు?" అన్నాను.

అతను అరుగు మీద చతికిలబడ్డాడు.

"రోగం ఏటీ నేదు మామా. అత్త పోయినకాడ్నించి నువ్వొక్కడివే ఉంటన్నావంట కదా. నీ సేత తిట్టించుకుని సానాళ్ళయిపోనాది. ఓపాలి తిట్టు."

నోరు తెరిచాను. ఒక్క తిట్టూ రాలేదు. గ్రీజు చేతులతోనే అతని భుజం పట్టుకుని ఏడ్చేశాను.