చెలమ మీద కంప

నిన్న శేషాచలం అడవిలో ఏటి వెంబడి తలకోన జలపాతానికి నడుస్తున్నాం. నీళ్ల హోరు వినిపిస్తోంది. నా కూతురు దాహమంది. సంచిలో సీసా ఉంది. అయినా నా చేతులు ఏటి పక్క ఇసుక తోడడం మొదలుపెట్టాయి.

"ఏంది నాన్నా, ఇన్ని నీళ్లు పక్కన పెట్టుకొని గుంత తీస్తాండావు?" అని పాప నవ్వింది.

కొండాపురం పక్క ముంపు ఊళ్ల నేస్తాల్లారా, మీకు గుర్తుండాలే! ఎండిన చిత్రావతిలో మోచేతి లోతు తవ్వితే ఊరే చెలమ, ఆ నీళ్ల మట్టివాసన, ముంచుకునే కొబ్బరి చిప్ప! మొదటి చిప్పెడు పారబోసి, నీళ్లు తేటపడేదాకా మమ్మల్ని ముట్టనిచ్చేది కాదు మా జేజి. అందరం తాగాక, కుక్కలు కలబెట్టకుండా పైన తుమ్మకంప కప్పేది.

ఊరు ఖాళీ చేసిన రోజు ట్రాక్టర్లో సామానంతా ఎక్కించాక చూస్తే జేజి లేదు. వెతుక్కుంటూ పోతే, ఏట్లో చెలమ మీద కంప సర్దుతోంది.

"రేపో మాపో డ్యాం నీళ్లకు ఊరే మునుగుతాంటే ఈ కంపెందుకుమా?" అని నాయన వాళ్లమ్మను కసిరాడు.

"మన ఎనకాల వచ్చేటోళ్లు తాగొద్దారా?" అంది.

పునరావాస కాలనీకి వచ్చాక ఆమె ఏడాది కూడా బతకలేదు.

నిన్న నేనూ పాపా ఊరిన నీళ్లు తాగాక, ఎండుకొమ్మ ఒకటి తెచ్చి ఆ గుంత మీద కప్పాను.

"ఎవరి కోసం నాన్నా?" అని అడిగింది పాప.

వెనకాల వచ్చేవాళ్ల కోసమని చెప్పబోయాను. ఆగి, కొమ్మను ఇంకోసారి సర్దాను. మా జేజి కప్పిన కంప తీసి తాగడానికి ఎవరూ రాలేదు.